నీటిపై కాపురము

నేలమీద ఇల్లు కట్టుకొన్నవాడు పొరుగువానితో తగవు వచ్చినపుడు తలుపు మూసికొని కూర్చుండగలడు. పడవలో కాపురమున్నవానికి ఆ సౌకర్యము లేదు. పొరుగుపడవ కదలినచో తన పడవయు కదలును. ఒకడు గట్టిగా తెడ్డు వేసినచో పదుగురి గిన్నెలలోని నీరు తొణకును. ఒకని పొయ్యినుండి ఎగసిన నిప్పురవ్వ వరుసలోని పడవలన్నింటికిని ప్రాణాంతకమగును. ఇచ్చిపుచ్చుకొనుట మంచిదని నేలమీదివారు పెద్దలవలన విని నేర్చుకొందురు. నీటిమీదివారు ఆ పాఠమును నీటివలననే నేర్తురు. శ్రీనగరపు జలములపై తరతరములుగా నివసించుచున్న హాంజీల బ్రదుకును కొన్నాళ్ళు దగ్గఱగా చూచినవారికి ఈ సంగతి తేటతెల్లమగును.

శ్రీనగరము నీటిని ఆశ్రయించి పెరిగిన నగరము. వితస్తానది నేడు జీలం అను పేరుతో నగరము నడుమ మెలికలు తిరుగుచు పోవుచున్నది. తూర్పున శంకరాచార్య పర్వతము పాదముకడ దాల్ సరస్సు, దాని ప్రక్కన నగీన్ సరస్సు కలవు. రహదారులు లేని కాలమున బియ్యము, వంటచెఱకు, రాయి, పెండ్లిబృందములు, రాజోద్యోగులు అందఱును అన్నియు నీటిమీదనే సాగిపోయెడివి. ప్రవరసేన మహారాజు వితస్తపై పడవలు వరుసగా కట్టించి మహాసేతువును నిర్మించెనని 12వ శతాబ్దమున కల్హణుడు రాజతరంగిణిలో చెప్పినాడు. 9వ శతాబ్దమున అవంతివర్మ కాలములో సుయ్యుడను మేధావి నదీగర్భమున పేరుకొన్న రాళ్ళను తీయించి వరదల బాధను తగ్గించిన వృత్తాంతమును అందులోనిదే. 1589లో అక్బరు పాదుషా కాశ్మీరమునకు వచ్చునాటికి అచ్చట ముప్పదివేలకు మించిన పడవలున్నవని అబుల్ ఫజల్ వ్రాసెను. ఆ పడవలను నడపినవారి పేళ్ళు మాత్రము ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.

వారి తెగలను గూర్చి కొంత వివరముగా వ్రాసినవాడు వాల్టర్ లారెన్సు. ఆయన గ్రంథము 1895లో వెలువడినది. సరస్సులో కూరగాయలు పండించువారు, చేపలు పట్టువారు, వులర్ సరస్సున సింగాడ కాయలు ఏరువారు, ప్రవాహమున కొట్టుకొనివచ్చు కట్టెలను పట్టువారు, పెద్ద పడవలలో ధాన్యము మోయువారు, డూంగాలలో ప్రయాణికులను చేరవేయువారు; ఇట్లు హాంజీలలో పెక్కు శాఖలు కలవు. తాము నూహ్ ప్రవక్త సంతతివారమని వారు చెప్పుకొందురట. లోకమంతయు మునిగినపుడు పడవలో అందఱికిని చోటిచ్చినవాని వంశమని చెప్పుకొనుట వారికి తగియే యున్నది.

హాంజీ స్త్రీల జగడములను గూర్చి కూడ ఒక కథ ప్రచారములో ఉన్నది. ఇరువురు స్త్రీలు రెండు పడవలపై నిలిచి ప్రొద్దుటినుండి తిట్టుకొందురట. చీకటి పడగానే ఇద్దఱును తమ బియ్యపు బుట్టలను బోర్లించి లోనికి పోవుదురట. తగవు ముగియలేదనియు, రేపు మరల ఇక్కడనే మొదలిడవలెననియు దానికి అర్థము. నగరవాసులు ఈ కథను పరిహాసమునకై చెప్పుదురు. కాని తప్పించుకొని పోవుటకు వేఱొక వీధి లేనిచోట, రాత్రికైనను జగడమును బోర్లించిపెట్టు ఉపాయము లేనియెడల కాపురము సాగునా?

డూంగా యనునది అడుగు చదునుగా, పొడవుగా ఉండు పడవ. వెనుకభాగమున హాంజీ కుటుంబము వండుకొని నిద్రించును. ముందుభాగమును చాపలతో మఱుగుచేసి బాటసారులకు అద్దెకిచ్చెడివారు. అతిథికి ఇంటిలో చోటిచ్చు వృత్తికి ఇదియే మొదలు. 19వ శతాబ్దపు చివర వేసవి గడుపుటకు వచ్చిన ఆంగ్లేయులకు కాశ్మీరమున నేల కొనుటకు అనుమతి లేకుండెను. నేల దొరకనివారు నీటిపై ఇల్లు కోరిరి. కెన్నార్డు అను ఆంగ్లేయుడు అట్టి ఇంటిపడవను మొదట కట్టించెనని కొందఱును, నారాయణదాసను శ్రీనగర వర్తకుడు అంతకు ముందే ఆ యత్నము చేసెనని మఱికొందఱును చెప్పుదురు. మొదలిడినవా డెవడైనను, చేయి కలిపినది స్థానికులైన వడ్రంగులు, నీటిలో నిలిపి కాపాడినది హాంజీలు. 1890 దశకమున జీలం లోయలోని బండిబాట శ్రీనగరమును చేరెను. క్రమముగా ధాన్యపుపడవలకు పని తగ్గెను. 1970 దశకమున పాతనగరములోని మార్ కాలువను పూడ్చి వీధి వేసిరి. నీటిదారులు ఒక్కొక్కటిగా మూతపడుచుండగా, అతిథిని నమ్ముకొన్న ఇంటిపడవయే హాంజీలకు ప్రధానాధారమయ్యెను.

ఇంటిపడవ 80 అడుగులు మొదలు 120 అడుగుల వరకు పొడవుండును. నీటికి తట్టుకొను దేవదారు పలకలతో దానిని కట్టుదురు. ముందు మెట్లు, ఆ పై వసారా, తరువాత కూర్చుండు గది, భోజనపు గది, ఒక ప్రక్కగా పోవు సన్నని దారి, దారివెంట పడకగదులు. లోకప్పున చిన్న చెక్కముక్కలను పొందుపఱచి నక్షత్రములవలె తీర్చిన ఖతంబంద్ పని, అక్రోటు కఱ్ఱపై చీనారు ఆకులు చెక్కిన బల్లలు. ఇది అతిథిభాగము. దాని వెనుక ఒక సన్నని పలక. పలక దాటినచో యజమాని డూంగా. అచ్చట చెక్కడములు లేవు. మట్టిపొయ్యి, సమోవారు, నిప్పుల కాంగడులు, గోడకు వ్రేలాడు వలలు, పిల్లల పుస్తకముల సంచులు. అతిథికి వడ్డించు అన్నమును, ఇంటివారు తిను అన్నమును ఒకే పొయ్యిమీద ఉడుకును. ఆ సన్నని పలకపైనుండియే రోజునకు పదిసార్లు పళ్ళెములు అటునిటు పోవుచుండును.

తెల్లవారకముందే సరస్సు మేల్కొనును. చీకటిలోనే కూరగాయలవారు పడవలు చేర్చి బేరములు మొదలిడుదురు. ముల్లంగి, హాక్ ఆకుకూర, నద్రూ అనబడు తామరతూళ్ళు పడవ నుండి పడవకు మారును. ఎండ వచ్చునప్పటికి ఆ సంత జాడయే ఉండదు. పిదప పిల్లలు ఆకువంటి తెడ్లు పట్టుకొని తామే శికారాలు నడుపుకొనుచు బడికి పోవుదురు. పూలవాడు, రొట్టెలవాడు, శాలువలవాడు పడవలలోనే వాకిటికి వత్తురు. 2011లో తపాలాశాఖవారు ఈ నీటిపై తేలియాడు తపాలా కార్యాలయమును కూడ తెరచిరి.

ఈ వరుసలోని ఒక ఇంటిపడవకు యజమాని డెబ్బదియేండ్ల వృద్ధుడు. పడవను కట్టించినది ఆయన తాత. ఆయనకు చదువు రాదు. కాని అతిథులు తమ మాటలు వ్రాసిపోవు పుస్తకములను ఒక పెట్టెలో భద్రముగా దాచియుంచినాడు. ఇంగ్లీషు, వంగ, గుజరాతీ, తమిళ, తెలుగు లిపులు ఆ పుటలలో ప్రక్కప్రక్కన ఉన్నవి. ఏ పుటనైనను చూపినచో, "ఈయన చలికి ఓర్వలేక కాంగడిని కౌగిలించుకొని పడుకొనెడివాడు, ఈ తల్లి మా కోడలి పురుటికి మందు లిచ్చినది" అని చెప్పును. అక్షరములు తెలియవు; మనుష్యులు తెలియుదురు.

1990 నుండి కొన్ని సంవత్సరములు ఆ పుస్తకములో వ్రాత లేదు. లోయ తుపాకుల పాలైనది, యాత్రికులు రాలేదు. వృద్ధుడు మొదట తివాచీలను, తరువాత చెక్కిన బల్లలను అమ్మెను. పడవ మాత్రము ఖాళీగా ఉన్నను తిండి కోరుచునే యుండును. పలకల సందులు పూడ్చవలెను, ఊరిన నీరు తోడవలెను, కప్పుపై మంచు పడినచో రాత్రివేళనైనను లేచి దింపవలెను. రెండు వరుసల అవతలివాడు తన పెద్దపడవ మునిగిపోగా పిల్లలతో నిలిచియుండుట చూచి, వృద్ధుడు ఒక పడకగదిని వారికిచ్చెను. ఆ కుటుంబము రెండు శీతకాలములు అచ్చటనే గడపినది. అద్దె మాట ఎవరును ఎత్తలేదు.

2014 సెప్టెంబరులో వితస్త గట్లు తెంచుకొని నగరముపై పడెను. మేడలలో మొదటి అంతస్తులు మునిగిపోయినవి. అప్పుడు హాంజీ యువకులు శికారాలను వీధులలోనికి తీసికొనిపోయి, కిటికీలనుండి, కప్పులనుండి మనుష్యులను దింపుకొని వచ్చిరి. నగరమున 'హాంజీ' యన్న మాటను తిట్టుగా వాడువారు లేకపోలేదు. వృద్ధుని కుమారుడు తెచ్చినవారిలో అట్టి మాట తఱచుగా పలికెడి వర్తకుడొకడు ఉండెను. ఆయనయు, ఆయన ముసలి తల్లియు, మఱి ఇరువదిమందియు అతిథిగదులలో నాలుగు రాత్రులు తలదాచుకొనిరి. బియ్యము తక్కువయైనపుడు పొరుగుపడవలనుండి గిన్నెలతో వచ్చినది. వర్తకుడు ఇంటివారితో కలిసి ఒకే పళ్ళెమున తినెను. వరద తీసిన పిమ్మట వెళ్ళిపోయెను. ఆయనలో గొప్ప మార్పు వచ్చినదని చెప్పలేము. కాని అప్పటినుండి వంతెనపై వృద్ధుడు ఎదురైనపుడు మొదట సలాము చేయునది ఆ వర్తకుడే.

ఇట్లు నగరమునకు చోటిచ్చిన పడవలకు ఇప్పుడు తమ చోటు నిలుచుటయే సందేహమైనది. 1980 దశకమునుండి క్రొత్త ఇంటిపడవలు కట్టుటకు అనుమతి లేదు. కొంతకాలము న్యాయస్థానపు ఉత్తర్వుల మూలమున మరమ్మతులకును ఆటంకము కలిగెను. 2021లో అనుమతిపై బాగుచేసికొనుటకు నియమములు వచ్చినవి. కాని దేవదారు వెల మిన్నంటినది. ఆ పని తెలిసిన వడ్రంగులు కొద్దిమందియే మిగిలిరి. ఇంటిపడవల సంఖ్య వేయికి లోపునకు దిగిపోయినది. 2022 ఏప్రిల్‌లో నగీన్‌పై నిప్పంటుకొని కొన్ని పడవలు కాలిపోయినవి. 2023 నవంబరులో దాల్‌పై జరిగిన అగ్నిప్రమాదమున బంగ్లాదేశ్‌నుండి వచ్చిన ముగ్గురు అతిథులు మరణించిరి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం వద్ద ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపిరి. ఆ వార్త వచ్చిన మఱునాడే పడవలు ఖాళీ అగుట మొదలిడెను. అతిథి చనిపోవుట హాంజీకి కేవలము జీవనోపాధి పోవుట కాదు. తన వాకిట జరిగిన అపచారమువలె ఆ దుఃఖమును వారు మోసిరి.

సరస్సు క్షీణించుటకు కారణము మీరేయని హాంజీలను అనువారున్నారు. నగరపు మురుగు దాల్‌లో చేరుట, గట్టులు ఆక్రమణకు లోనగుట అందఱెఱిగినదే. కాని వృద్ధుడు నేరమంతయు నగరముపై నెట్టడు. "ఏండ్ల తరబడి మా మలినమును ఈ నీటిలోనే వదలితిమి. తల్లి ఒడిలో బిడ్డ చేసినదని అనుకొంటిమి. బిడ్డలు పెరిగిరి, తల్లి చిక్కిపోయినది" అని ఒప్పుకొనును. సరస్సును బాగుచేయుటకై దాల్ వాసులలో అనేక కుటుంబములకు నగరమునకు పడమటనున్న రఖ్-ఎ-అర్థ్‌లో స్థలములిచ్చి తరలించిరి.

కుమారునికి నేలమీదికి పోవలెనని కోరిక. అతని మాటలోను న్యాయమున్నది. శీతకాలమున పిల్లలకు దగ్గు తగ్గదు. అర్ధరాత్రి రోగము వచ్చినచో శికారా నడుపుకొని గట్టు చేరవలెను. పడవ అడుగున ఒక ప్రక్క పలకలు మెత్తబడినవి. రాత్రులందు నీరు తోడు యంత్రము ఆగకుండ మ్రోగుచుండును. "బాబా, మనము పడవను మోయుచున్నాము, పడవ మనలను మోయుట లేదు" అని అతడొకనాడు అనెను. వృద్ధుడు కోపించలేదు. "వసంతము వరకు ఆగుము" అని మాత్రము అనెను.

వసంతమున మరమ్మతునకు అనుమతి వచ్చినది. చేతనున్న ధనమునకు కావలసిన పలకలలో సగమైనను రాలేదు. ఆ వారములోనే పొరుగుపడవవాడు వచ్చెను. తొంబదియవ దశకమున ఈ పడవలోనే రెండు శీతకాలములు గడపిన కుటుంబపు పెద్దకొడుకు ఆతడే. ఆ తరువాత కష్టించి మఱొక పాతపడవ కొనెను గాని, అది ఇక బాగుపడు స్థితిలో లేదు. తానును గట్టుమీదికి పోవ నిశ్చయించుకొన్నాడు. తన పడవను విప్పినచో గట్టి దేవదారు పలకలు కొన్ని దొరకుననియు, వానిని తీసికొమ్మనియు చెప్పెను. వెల అడుగగా తల అడ్డముగా ఆడించెను. తన తండ్రి చేతితో రంగువేసిన పేరుపలకను మాత్రము నీటిమీదనే ఎక్కడనైనను ఉంచుమని కోరెను.

పడవను ఒడ్డునకు లాగిననాడు అన్ని వరుసలనుండియు జనులు త్రాళ్ళు పట్టుటకు వచ్చిరి. వీరిలో నిరుటి తగవు ఇంకను బుట్టక్రింద బోర్లించియున్నవారును ఉండిరి. "యా పీర్ దస్తగీర్" అని ఒక్క గొంతుకతో అరచుచు లాగిరి. కుమారుడును అందఱికంటె ముందు త్రాడు పట్టెను. అతడు నేలమీదికి పోవు ఆలోచన మానుకొనెనని ఎవరును అనుకొనలేదు. అతడును అట్లు చెప్పలేదు.

పడవ మరల నీటిలో దిగినది. ఇప్పుడు దాని వసారాపై రెండు పేరుపలకలు ఉన్నవి. శికారాలో వచ్చు క్రొత్త అతిథి ఈ పడవకు ఏది పేరని అడుగును. వృద్ధుడు రెండింటిని చదువలేడు. రెండును దీనివేయని చెప్పి, చేయి అందించి, అతిథిని లోనికి ఎక్కించుకొనును.