పలికిన చీరలు, పలకని జరీ

భిక్కనూర్ టోల్‌ప్లాజాలో కారు పూర్తిగా ఆగకముందే గేటు లేస్తుంది. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఏమీ ఉండదు. పైన బిగించిన యాంటెన్నా నుంచి వచ్చే రేడియో తరంగంలోనే తనకు కావలసిన పిసరంత కరెంటు తీసుకుని, తన నంబరు చెప్పేసి ఊరుకుంటుంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటాక జాతీయ రహదారుల మీద ఇది లేని బండికి టోల్ రెట్టింపయింది. రేడియోతో గుర్తుపట్టే ఈ పద్ధతికున్న ఆర్‌ఎఫ్‌ఐడీ అన్న పేరు ఎన్నడూ వినని డ్రైవర్లు కూడా అప్పటినుంచి రోజూ దాన్ని వాడుతూనే ఉన్నారు. సరిగ్గా అదే సరంజామా బాన్సువాడలో ఒక బట్టల దుకాణంవాళ్లు చీరలకు తగిలించారని తెలిసి, కామారెడ్డిలో హైవే దిగి పడమటి దారి పట్టాను.

హైదరాబాద్ షోరూముల్లో ఇది వింత కాదు. డెకాథ్లాన్‌లో కొన్న సామానంతా ఒక తొట్టిలో పడేస్తే బిల్లు దానంతట అదే వస్తుంది. కానీ బాన్సువాడ? ఆ ప్రశ్న వేసేవాళ్లు పెళ్లిళ్ల రోజుల్లో ఒకసారి ఆ బజారుకు వెళ్లాలి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు పారే నేల అది. యాసంగి వడ్లు అమ్ముడై డబ్బులు చేతికందే సమయమూ, పెళ్లి ముహూర్తాలూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. బీర్కూర్, నస్రుల్లాబాద్, పిట్లం, వర్ని, చుట్టుపక్కల తండాలు, అందరి కొనుగోళ్లూ ఇక్కడే. 2016 అక్టోబరులో బాన్సువాడ నిజామాబాద్ జిల్లా నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లాలో కలిసినా బజారు దారులేమీ మారలేదు. జీపు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ దిగితే, ఒక్కో పెళ్లికి పెట్టుబడి చీరలే కట్టలు కట్టలు పోతాయి.

దుకాణం సేటు మొదట్లోనే షరతు పెట్టాడు. "అంత సూడుండ్రి, రాసుకోండ్రి సార్. గని దుకాణం పేరు వద్దు. మీరు రాసింది దొంగలు సుత సదువుతరు." నవ్వుతూనే అన్నా మాట ఖాయం.

కింది అంతస్తులో చీరలు, పైన రెడీమేడ్. ప్రతి చీర మడతలో ధర చీటీ ఉంటుంది కదా, దాని వెనక వేలెడు పొడవున మరో చీటీ. వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి అల్యూమినియం గీతలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. అది యాంటెన్నా. నడుమ ఆవగింజలో సగం లేని నల్లటి చుక్క చిప్పు. బార్‌కోడ్‌కు ఎదురుగా చూపు ఉండాలి, చీరను మడత విప్పి ఒక్కొక్కటిగా చూపాలి. దీనికి చూపు అక్కర్లేదు. రాక్ ముందు నుంచి నడిచిపోతే చాలు, లోపలున్నవన్నీ పలుకుతాయి. 'పలకడం' అన్నది ఆ దుకాణంలో పనిచేసే ఆడవాళ్ల మాట. "ఆ రాక్ మొత్తం పలికింది." "గీ ఒక్కటి పలుకుతలేదు."

లెక్క తీసే పరికరాన్ని వాళ్లు గన్ను అంటారు. పిడి, మీట, పైన ఫోను బిగించిన పలక. అది పట్టుకున్న అమ్మాయి చెప్పిన మాటకు అక్కడున్న వాళ్లంతా నవ్వారు. మొదటి రోజుల్లో తండా నుంచి వచ్చిన ఒక ముసలమ్మ దాన్ని చూసి, "ఏం బిడ్డా, మల్ల కరోనా జ్వరం సూస్తున్రా?" అని నుదురు ముందుకు పెట్టిందట.

ఇదివరకు ఏడాదికోసారి, మార్చి ఆఖర్లో, షట్టరు దించి లెక్క తీసేవారు. "ఒకలు సదువుడు, ఒకలు రాసుడు. నడుమల ఎవలన్న చాయ్ అన్నరంటే మల్ల మొదటికెల్లి" అన్నాడు సేటు. అంత చేసినా చిట్టాకూ రాక్‌కూ కుదిరేది కాదు. ఇప్పుడు ఒక రాక్‌కు నిమిషాలు చాలు, మొత్తం అంతస్తు రాత్రి గిరాకీ తగ్గాక అయిపోతుంది. నేను పక్కనే నడిచాను. గన్ను కిచకిచమంటుంటే ఫోను మీద అంకె ఎగబాకుతుంది. ఒకే రాక్ ముందు రెండోసారి తిరిగితే అంకె పెరగదు. అప్పటికే పలికిన నంబర్లను అది గుర్తుపెట్టుకుంటుంది.

వందలాది చీటీలు ఒక్కసారిగా మాట్లాడితే గందరగోళం కాదా? కాకుండా ఒక ఏర్పాటుంది. గన్నులోని రీడర్ ఒక అంకెల పరిధి ప్రకటిస్తుంది. ప్రతి చీటీ అందులోంచి తనకు తోచిన అంకె ఒకటి ఎంచుకుని, తన వంతు వచ్చేదాకా నోరు మూసుకుంటుంది. బడిలో హాజరు పిలిచినట్టే, కాకపోతే ఇక్కడ రోల్ నంబర్లు పిల్లలే అప్పటికప్పుడు వేసుకుంటారు. ఇద్దరికి ఒకే అంకె పడితే ఆ వంతు చెడిపోతుంది, వాళ్లు మళ్లీ అంకె ఎంచుకుంటారు. ఇదంతా సెకనులో వందల సార్లు జరుగుతుంది. మన దేశంలో ఇందుకు మొదట కేటాయించిన జాగా 865 నుంచి 867 మెగాహెర్ట్జ్. 2005లో కేంద్రం దీన్ని లైసెన్సు అక్కర్లేకుండా తెరిచింది, పంపే శక్తి ఒక వాటు దాటకూడదన్న హద్దు పెట్టింది. ఫాస్టాగ్ పలికేదీ ఇందులోనే. అమెరికావాళ్లకు 902 నుంచి 928. అక్కడి రీడర్ తెచ్చి ఇక్కడ వాడదామంటే చట్టం ఒప్పదు.

చీటీలో చీర రంగు, ధర, నేత ఏమీ ఉండవు. ఉండేది ఒక్క నంబరు, సాధారణంగా 96 బిట్లది. మిగతాదంతా గల్లా దగ్గరి కంప్యూటర్లో. ఈ ఆలోచన వెనక మనవాడొకాయన ఉన్నాడు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన సంజయ్ శర్మ, ఎంఐటీలో 1999లో మొదలైన ఆటో-ఐడీ సెంటర్‌లో కెవిన్ ఆష్టన్, డేవిడ్ బ్రాక్‌లతో కలిసి పనిచేశారు. చిప్పుకు తెలివి నేర్పినకొద్దీ దాని ఖరీదు పెరుగుతుంది, కాబట్టి దానికి నంబరు తప్ప ఏమీ నేర్పొద్దన్నది వాళ్ల పట్టు. చీటీ కొన్ని రూపాయలకు దిగివచ్చి బాన్సువాడ చీర మడతలో చేరిందంటే కారణం అదే.

ఇక జరీ సంగతి.

నూలు చీరలు, సింథటిక్ చీరలు గబగబా పలికేశాయి. పట్టు చీరల అల్మారా దగ్గరికి రాగానే గన్ను నత్తినత్తిగా మారింది. రేడియో తరంగానికి లోహంతో పడదు. లోహం దాన్ని తిప్పికొడుతుంది, దగ్గరగా ఉంటే యాంటెన్నా శ్రుతినే మార్చేస్తుంది. అసలు జరీ అంటే వెండి తీగ. గద్వాల చీర అంచూ కొంగూ నిండుగా వెండి పోగులే. దాని మడతల నడుమ చీటీ పెడితే చెవిలో దూది పెట్టుకున్నవాణ్ని పిలిచి పిలిచి అలసిపోవడమే. తమాషా ఏమిటంటే చీర ఖరీదు పెరిగినకొద్దీ జరీ పెరుగుతుంది, జరీ పెరిగినకొద్దీ చీటీ మూగబోతుంది. ఏది పోతే ఎక్కువ నష్టమో దాన్నే ఈ యంత్రం సరిగ్గా చూడలేదన్నమాట. చీటీలు అమ్మడానికి వచ్చిన మనిషి చూపించిన నమూనా మాత్రం నూలు చీరేనట!

మందు కనిపెట్టింది ఇంజినీరు కాదు, ఆ కౌంటర్‌లో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దావిడ. చీటీని మడతలో పెట్టకుండా దారం కట్టి అట్టపెట్టె పక్కకు వేలాడదీసింది. జరీకి జానెడు దూరం జరిగేసరికి చాలావరకు పలకసాగాయి. ఇనుప అల్మారా తీసేసి చెక్క రాక్ చేయించమని చెప్పింది కూడా ఆమేనట. సేటు ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఆ రాత్రి లెక్కలో ఏడు చీరలు పలకలేదు. ఎక్కడెక్కడ తేలాయో చెబితే ఈ యంత్రం అసలు పనేమిటో తెలుస్తుంది. మూడు ఫాల్, పీకో కుట్టడానికి దర్జీ దగ్గరికి పోయాయి, ఆ ముక్క కంప్యూటర్లో ఎవరూ ఎక్కించలేదు. ఒకటి తెలిసినవాళ్ల ఇంటికి 'పెద్దమ్మకు సూపెట్టి తెస్తం' అని వెళ్లింది. రెండు జరీ ధర్మమా అని అల్మారాలోనే మూగగా ఉన్నాయి, చేత్తో తీస్తే దొరికాయి. ఏడోది దొరకలేదు. ఆ ఒక్కటీ దొంగతనమని కూడా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. సేటు ఈ సరంజామా కొన్నది దొంగల కోసం. అది రోజూ పట్టిస్తున్నది మాత్రం మరుపును. నా మటుకు నాకు, డబ్బు గిట్టుబాటయ్యేది కూడా అక్కడే. వెతికితే దొరకని చీర అమ్ముడుపోని చీరే, ఎవరూ ఎత్తుకుపోకపోయినా సరే.

మరి దొంగల మాట? పైఅంతస్తు రెడీమేడ్ బట్టలకు పాతకాలపు ప్లాస్టిక్ బిళ్లలున్నాయి, గల్లా దగ్గర అయస్కాంతంతో మేకు ఊడదీసేవి. వాటి పుట్టుక 1960ల నాటి అమెరికాది. ఓహియోలోని ఆక్రన్‌లో దుకాణం నడిపే రాన్ అసాఫ్, ఒక దొంగ వెంట పరిగెత్తి పట్టుకోలేక విసిగి, ఈ దారి వెతికాడని చెబుతారు. ఆ బిళ్ల గేటు దాటితే కూత వస్తుంది. ఏది దాటిందో మాత్రం దానికి తెలియదు. కొత్త చీటీ అలా కాదు, ఫలానా నంబరు చీర, బిల్లు కాలేదు అని తెర మీద చూపిస్తుంది. అయితే దీన్ని బురిడీ కొట్టించడమూ కష్టం కాదు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాన్ని పీల్చేసుకుంటుంది. ఒంటికి అదిమి పట్టుకుంటే ఈ ఫ్రీక్వెన్సీ చీటీ మసకబారుతుంది. చీటీని చింపి రాక్ వెనక పడేస్తే మరీ సులువు, చీర ఊరు దాటినా అది 'ఇక్కడే ఉన్నా' అని పలుకుతూనే ఉంటుంది. యంత్రానికి తెలిసేది చీటీ జాడ, చీర జాడ కాదు.

గేటు కూస్తే ఏం చేస్తారని అడిగాను. సేటు గొంతు తగ్గించాడు. "ఊర్ల ఆడమనిషిని గేటు కాడ ఆపినమంటే, ఆమెతోని పది ఇండ్ల గిరాకీ పోతది సార్. తప్పు మాదే అనుకోవాలె ముందుగాల." అందుకే గేటు దగ్గర కాపలావాడు లేడు. కూత వినబడగానే కౌంటర్ అమ్మాయి నవ్వుతూ వెళ్లి, "అక్కా, చీటీ తీసుడు మర్చిపోయినం, జర ఇటు రాండ్రి" అంటుంది. చాలాసార్లు అది నిజం కూడా, బిల్లు కొట్టేవాళ్ల పరాకే. నిజంగా దాచిన చీరైతే అదీ మర్యాదగా వెనక్కి వస్తుంది. ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండని ఈ పద్ధతి నాకు మొత్తం యంత్రం కంటే నచ్చింది.

పనిచేసేవాళ్ల తరఫు మాట సేటు లేనప్పుడు విన్నాను. పాత రోజుల్లో మార్చి లెక్క తక్కువైతే ఏడాది పొడుగునా జరిగిన దానికి ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వచ్చేది. "అనుమానం ముందుగాల మా మీదికే వచ్చేది" అందొక ఆమె. ఇప్పుడు పొద్దున పలికింది రాత్రి పలకకపోతే, ఆ ఒక్క రోజు సంగతే చూస్తారు. అందుకామెకు సంతోషం. పక్కామె ఒప్పుకోలేదు. గన్ను ఎవరు పట్టారు, ఏ రాక్ ఎన్నింటికి తిరిగారు, అన్నీ కంప్యూటర్లో పడుతున్నాయి, చీరలతో పాటు మనల్నీ లెక్కపెడుతున్నారంది. ఇద్దరి మాటా నిజమే.

పక్క వీధిలో బంగారం దుకాణానికీ ఒకసారి వెళ్లొచ్చాను. ఉంగరానికి దారంతో కట్టిన చీటీకి పొడుగాటి తోక, యాంటెన్నా ఉన్నది అందులో, లోహానికి దూరంగా. పొద్దున లాకర్లోంచి ట్రేలు తీసినప్పుడొకసారి, రాత్రి లోపల పెట్టేటప్పుడొకసారి పలికిస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు తప్పనిసరైంది. అది లేజరుతో బంగారం మీదే చెక్కింది కనుక కత్తిరించలేరు. కానీ భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చదవాలి. యజమానికి రెండూ కావాలి. ఒకటి గిరాకీ నమ్మకానికి, రెండోది తన నిద్రకు.

తిరిగొచ్చాక సేటు లెక్కలు చెప్పాడు. చీటీకి పెట్టే రూపాయల కంటే దాన్ని తగిలించే మనిషి కూలే భారం. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డప్పుడు ఇద్దరు కూర్చుని కొత్త మాల్‌కు చీటీలు పెడుతుంటారు. అమ్మినప్పుడు కత్తిరించి డబ్బాలో వేసి, నంబరు మార్చి మళ్లీ వాడతారు. ఆ రకంగా చీటీ గిరాకీ ఇంటిదాకా వెళ్లదు. తన చీర ఎక్కడికి పోతుందో ఎవరైనా పసిగడతారన్న బెంగ బాన్సువాడ ఆడవాళ్లకు అక్కర్లేదు.

"సూరత్‌లనే చీటీ పెట్టి పంపుమని అడిగిన" అన్నాడు. అక్కడి హోల్‌సేల్ వ్యాపారి ఫోనులో నవ్వాడట. 2003లో వాల్‌మార్ట్ తన వంద మంది పెద్ద సరఫరాదారులను 2005 జనవరికల్లా చీటీలు పెట్టి పంపాలని అడిగింది. వాళ్లలో ఎవరికీ నవ్వు వచ్చి ఉండదు. బాన్సువాడ సేటు అడిగితే, పెద్ద షోరూములు అడగనీ, అప్పుడు చూద్దామని జవాబు. అందాకా ఒక ధర గీత గీసుకున్నాడు. దానికి పైనున్న సరుకుకే చీటీ. లుంగీలు, టవళ్లు, లంగా గుడ్డలు గీతకు కింద. వాటికి మార్చి ఆఖర్లో షట్టరు దించుడు, ఒకలు సదువుడు, ఒకలు రాసుడు ఇంకా నడుస్తున్నాయి.