రక్తం నడిచే దారి: ఉద్దానం డయాలసిస్ వార్డులో

డయాలసిస్ యంత్రానికి నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం అందాలి. సెలైన్ ఎక్కించే మామూలు సూదితో అంత రక్తం రాదు. రక్తాన్ని బయటికి తీసి, శుద్ధి చేసి, తిరిగి ఒంట్లోకి పంపడానికి ప్రత్యేకమైన దారి ఉండాలి. కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ఒక డయాలసిస్ వార్డులో అలాంటి దారులు రెండు పక్కపక్క మంచాల మీదే కనిపించాయి.

మొదటిది ఫిస్టులా. ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుడతారు. ధమని ఒత్తిడికి సిర ఉబ్బి, గోడలు మందమై, పెద్ద సూదులను తట్టుకుంటుంది. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెసియా, సిమినో బృందం ప్రకటించిన ఈ పద్ధతే నేటికీ చాలామందికి మేలైనది. ఇన్ఫెక్షన్లు తక్కువ, మన్నిక ఎక్కువ. అయితే ఫిస్టులా పక్వానికి రావడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. సిరలు సన్నగా ఉన్నవారికి కృత్రిమ గొట్టంతో గ్రాఫ్ట్ వేస్తారు. అది త్వరగా పనికొస్తుంది గానీ, గడ్డకట్టే ముప్పు ఎక్కువ.

రెండోది మెడ దగ్గరి పెద్ద సిరలోకి దించే క్యాథెటర్. వెంటనే డయాలసిస్ చేయవలసి వస్తే ఇదే ఆధారం. కొన్నాళ్లు ఉంచాల్సినప్పుడు చర్మం కింద సొరంగంలా నడిపి ఛాతీ మీద బయటికి తీస్తారు. దీని చివర రక్తనాళంలోనే ఉంటుంది కనుక సూక్ష్మక్రిములు నేరుగా రక్తంలో చేరే ప్రమాదం ఉంది.

ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు, ఇంజెక్షన్ చేయకూడదు. ఆ చేతికి బిగుతు గాజులు, వాచీ వద్దు. బరువులెత్తకూడదు, ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోకూడదు. రోజూ వేళ్లు ఆనించి చూస్తే జుయ్యిమనే కదలిక తెలియాలి. అది ఆగిపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. డయాలసిస్‌కు ముందు చేతిని సబ్బుతో కడుక్కోవాలి. సిబ్బంది ప్రతిసారీ సూది గుచ్చే చోటు మారుస్తారు.

క్యాథెటర్ కట్టు తడవకూడదు. దాని మూతలు డయాలసిస్ సిబ్బంది తప్ప ఎవరూ తీయకూడదు. వాళ్లు ఆ పని చేసేటప్పుడు రోగి కూడా మాస్కు పెట్టుకోవాలి. చలి, వణుకుతో జ్వరం వస్తే, గొట్టం దగ్గర చీము కనిపిస్తే ఆలస్యం ప్రాణాపాయం.

కిడ్నీ జబ్బు ముదురుతోందని తెలిసిన రోజు నుంచే రెండు చేతుల సిరలనూ కాపాడుకోవాలి. రక్తపరీక్షలకు వీలైనంతవరకు అరచేతి వెనుక సిరలనే చూపించాలి. డయాలసిస్ అవసరం రాకముందే ఫిస్టులా సంగతి డాక్టరును అడగాలి.