రాబోయే బాటల జాడలు

వెబ్‌సైటులో చూపరికి కనిపించేది కొంత. దాని వెనుక నిలువ ఉన్నది మరికొంత. ప్రకటన వెలువడే ఘడియకు అన్నీ సిద్ధంగా ఉండాలి కనుక నిర్వాహకులు బొమ్మలను, పేర్ల పట్టికలను ముందుగానే చేర్చి ఉంచుతారు. వరుస సంఖ్యలతో సాగే బొమ్మల నడుమ ఒక అంకె లోపిస్తే ఆసక్తిగలవాని చూపు అక్కడే ఆగుతుంది. ఇంకా విడుదల కాని రేసింగ్ బాటల ఆచూకీ ఇటువంటి చోటులలోనే బయటపడుతుంది. ఆట లోపలి ఫైళ్ళ తీరూ ఇదే.

నింటెండో సంస్థ 2017లో విడుదల చేసిన ‘మారియో కార్ట్ 8 డీలక్స్’లో 48 బాటలుండేవి. మరో 48 బాటలను ఆరు విడతలుగా, విడతకు ఎనిమిది చొప్పున, అందిస్తామని 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రకటించింది. మొదటి విడత మార్చి 18న వచ్చింది. తక్కినవి ఏవన్నది చెప్పలేదు. అభిమానులు ఊరుకుంటారా? వచ్చిన ఫైళ్ళను విప్పి చూశారు.

ఈ ఆటలో పాత యంత్రాల నుండి తెచ్చిన బాట ఫైలుకు ఆ యంత్రం గుర్తు ముందు చేరుతుంది. ‘64’ అని ఉంటే 1996 నాటి నింటెండో 64. ‘డీఎస్’ అని ఉంటే ఆ పేరు గల చేతియంత్రం. ఈ గుర్తులు పెట్టినది అభిమానుల కోసం కాదు, వందలాది ఫైళ్ళ మధ్య తమ పని తమకు దొరకడానికి. రానున్న బాటల విషయంలో అభిమానులకు చిక్కినవి ఇటువంటి గుర్తులే. ఇంటిపేరు తెలిసింది, మనిషి పేరు తెలియలేదు! ‘వీ’ యంత్రం గుర్తు కనబడితే అది 2008 నాటి ఏ బాటైనా కావచ్చు. అక్కడి నుండి ఊహలు, వాదాలు, పట్టికలు. నెలల తరబడి సాగిన ఆ వెదుకులాటే కొందరికి ఆటకన్న ఎక్కువ రుచించిందనిపిస్తుంది.

అయితే గుర్తు వేరు, మాట ఇవ్వడం వేరు. తయారీ నడుమ బాటలు మారవచ్చు, తొలగిపోవచ్చు. ఫైలు పేరును వాగ్దానంగా చదివినవాడు, ఆ బాట రాకపోతే ఎవరూ ఇవ్వని మాట తప్పారని తయారీదారుపై కోపగిస్తాడు. బహిరంగంగా ఉంచినదాన్ని పరికించడం, తాళం పగులగొట్టి లోపలికి పోవడం ఒకటి కావు. ఆ గీతను ఉత్సాహం తరచుగా చెరిపివేస్తుంది. ఏళ్ళు శ్రమించి ఒక ఆశ్చర్యాన్ని దాచుకున్న చిత్రకారుని సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

2023 నవంబరు 9న ఆఖరి విడత వచ్చింది. దాని చివరి బాట, వీ యంత్రం నాటి ‘రెయిన్‌బో రోడ్’. భూగోళానికి పైన, అంతరిక్షంలో, చాలా చోట్ల అంచుకు అడ్డుకట్ట లేకుండా సాగే ఇంద్రధనుస్సు దారి అది. ముందే ఊహించినవారూ, ఊహించనివారూ అదే అంచు మీదినుండి జారిపడ్డారు.