రామకృష్ణాపూర్‌లో ఒక ముసలి జీపు

కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్ళే పాసింజరు బండి గోదావరి వంతెన దాటగానే మంచిర్యాల వస్తుంది. పెట్టెలో సగంమంది అక్కడే దిగిపోతారు. రామకృష్ణాపూర్ వెళ్ళవలసినవారు మాత్రం కదలకుండా కూర్చోవాలి. తరువాతి స్టేషనులో దిగాలి. దాని పేరు రవీంద్రఖని. పేరు వినగానే ఎవరో కవుల వూరనిపిస్తుంది. దిగి నాలుగడుగులు వేసేసరికి చెప్పులకంటిన నల్లపొడి అసలు సంగతి చెబుతుంది.

ఇది సింగరేణివారి బొగ్గు నేల. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు యెల్లందు ప్రాంతంలో బొగ్గు వున్నదని గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో యేర్పడింది. గోదావరి కిరువైపులా బొగ్గు వున్నచోటల్లా వూళ్ళు లేచాయి. అటువంటి వూళ్ళలో రామకృష్ణాపూర్ ఒకటి. 2016 దాకా ఆదిలాబాదు జిల్లాలో వుండేది, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో వున్నది.

ఇక్కడ గనిని గని అనరు, "బాయి" అంటారు. వుద్యోగానికి పోవడమంటే బాయికి పోవడమే. "బాగున్నారా?" అని అడగడానికి ముందు "ఏ షిఫ్టు?" అని అడుగుతారు. వరసలు తీరిన క్వార్టర్లు, వాటి ముందు వేపచెట్లు, ఆ ఆకులమీద సన్నని నల్లని పూత, దూరాన ఓపెన్‌కాస్టు మట్టి పోసిపోసి పేర్చిన మనుషులు కట్టిన గుట్టలు: యిదీ వూరి రూపు. ఆ మట్టిని మోసే డంపర్ల ముందు మన లారీలు ఆటబొమ్మలు. ఇంజను బలమంటే ఏమిటో యీ వూరి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి వూళ్ళో, రోడ్డుపక్క రేకుల షెడ్డులో ఒక పాత మహీంద్రా జీపు చుట్టూ జరిగిన పంచాయితీ చూశాను. జీపు యజమాని ముప్పయ్యేళ్ళకు పైగా బాయిలో పనిచేసి రిటైరయిన పెద్దాయన. ఆ డబ్బులోంచి కొంత పెట్టి వేలంలో కొన్న బండి అది. ఇప్పుడు నలుగురెక్కితే చాలు, ఎత్తు కనబడగానే ఆయాసపడి నిలిచిపోతున్నది. పక్కన కాలేజీలో చదివే మనుమడు. అతని ఫోనునిండా అమెరికా కార్లే.

"ఇంజనే తీసేద్దాం తాతా! పెద్దది పెట్టిద్దాం. లేకుంటే తుక్కుకు అమ్ముడే" అన్నాడు.

తాత మాట్లాడలేదు, బానెట్‌మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మిస్త్రీ మాత్రం నవ్వి, "ఆగు బిడ్డా, ముందుగాల దీని నాడి చూడనియ్యి" అన్నాడు.

ఆ కుర్రవాడి కోరిక అర్థంలేనిది కాదు. అమెరికాలో 1964లో పాంటియాక్ కంపెనీ జీటీవో అనే కారు తెచ్చింది. ఎనిమిది సిలిండర్లు, 389 ఘనపుటంగుళాల ఇంజను, అంటే సుమారు ఆరు లీటర్ల నాలుగు వందలు. ఒక కార్బురేటరుతో 325 అశ్వశక్తి, మూడు కార్బురేటర్లు అమర్చుకుంటే 348. కండలు తిరిగిన కారన్న అర్థంలో అటువంటివాటికి "మజిల్ కారు" అనే పేరు స్థిరపడింది. ఒక్క సంగతి గమనించండి. ఇంజను అదే, దానికి గాలీ పెట్రోలూ అందే దారి పెంచితే ఇరవైమూడు గుర్రాలు అదనంగా వచ్చాయి!

చిత్రమేమిటంటే, యీ ముసలి జీపు కథ కూడా అదే. రెండవ ప్రపంచయుద్ధంలో పరుగులు తీసిన విల్లీస్ జీపు ఇంజను 134 ఘనపుటంగుళాలది, బలం 60 అశ్వశక్తి. దానిలో గాలి లోపలికి వచ్చే వాల్వూ, పొగ బయటికి పోయే వాల్వూ రెండూ సిలిండరు పక్కన ఇరుకుగా వుండేవి. తరువాత ఇంజనీర్లు గాలి వాల్వును తీసి పైన, హెడ్డులో పెట్టారు. చోటు దొరికింది గనుక వాల్వు పెద్దదయింది. సిలిండరు కొలత మారలేదు గాని బలం 72కు పెరిగింది. ఇంజను ఎత్తయింది గనుక 1953లో వచ్చిన జీపుకు బానెట్ కూడా ఎత్తు చేయవలసివచ్చింది. మన దేశంలో మహీంద్రావారు ఏళ్ళతరబడి తయారుచేసిన జీపు ఆ ఎత్తు బానెట్‌దే. తాతగారి చెయ్యి వున్నదీ దానిమీదే.

మిస్త్రీ ఇదంతా చెబుతుంటే పెద్దాయన మొదటిసారి నోరు విప్పాడు. "అంతే గదా మరి! బాయిల గాలి రాకుంటె, ఎంతమంది దిగితె ఏం లాభం?"

నాకు యీ పోలిక ఎంతో నచ్చింది. భూగర్భ గనికి గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి వేరొకటి వుంటాయి. పైన పెద్ద ఫ్యాను తిరుగుతూ లోపలి చెడుగాలిని లాగేస్తుంటే, రెండవ దారిన మంచిగాలి దిగుతుంది. ఏ దారి మూసుకున్నా పని ఆగిపోతుంది. ఇంజనూ అంతే.

మిస్త్రీ ఒక్కొక్క ప్లగ్గూ విప్పి, ఆ రంధ్రంలో ఒత్తిడి కొలిచే గడియారం పెట్టాడు. మూడు సిలిండర్లలో ముల్లు దాదాపు ఒకేచోట ఆగింది. నాలుగవదానిలో సగం దాకా కూడా రాలేదు. అప్పుడు ఆ సిలిండరులో చెంచాడు నూనె పోసి మళ్ళీ చూశాడు. రింగులు అరిగివుంటే నూనె ఆ సందు మూసి ముల్లు పైకి లేవాలి. లేవలేదు. "రింగులు మంచిగనే ఉన్నయి. వాల్వు కాలింది" అని తేల్చాడు.

"బోరు కొట్టిస్తే బలం పెరగదా?" అని మనుమడు పట్టు వదలలేదు. మిస్త్రీ సుద్దముక్కతో నేలమీద లెక్క వేసి చూపించాడు. అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు బోరు పెంచితే మొత్తం ఇంజనులో పెరిగేది సుమారు 28 సీసీలు. రెండు పెద్ద చెంచాల నూనెంత! అరిగిన సిలిండరుకు అది వైద్యమేగాని, అరగనిదానికి బలం మందు కాదు. పెద్ద ఇంజను పెడదామంటే గేర్‌బాక్సూ ఇరుసులూ ఆ బరువు మోయాలి, రిజిస్ట్రేషన్ అధికారుల అనుమతి కావాలి. అన్నిటికంటె ముందు బ్రేకులు చాలాలి.

"ఉరుకుడు తర్వాత. ఆగుడు ముందుగాల" అన్నాడు మిస్త్రీ. అన్నట్టే మొదటి రోజు బ్రేకు లైనింగులతోనే పని మొదలుపెట్టాడు.

తరువాత హెడ్డు విప్పి కాలిన వాల్వు మార్చి, దాని పీట నునుపుచేసి, పేస్టుతో నూరాడు. గాలి వడపోసే గిన్నెలో నూనె వుంటుంది. అది యీ వూరి ధూళి తాగితాగి తారులా గట్టిపడివున్నది. సైలెన్సరు లోపల తుప్పురాలి సగం మూసుకుపోయింది. కార్బురేటరు కడిగాడు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు గనుక, దానికి తట్టుకోని పాత రబ్బరు గొట్టాలు తీసి కొత్తవి వేశాడు. టాపెట్ల సందూ, నిప్పురవ్వ పడే వేళా సరిచేశాడు. కొత్త గుర్రం ఒక్కటీ కట్టలేదు, తప్పిపోయిన గుర్రాలను వెతికి తెచ్చాడంతే.

రామకృష్ణాపూర్ వెళ్ళినవారు బొక్కలగుట్ట దగ్గరి గాంధారి ఖిల్లా తప్పక చూడాలి. అడవి మధ్య కొండ, దానిమీద పాతకోట ఆనవాళ్ళు, మైసమ్మ తల్లి. జీపు బాగుపడిన ఆదివారం పెద్దాయన కుటుంబమంతా అక్కడికే బయలుదేరింది. నన్నూ రమ్మన్నారు. ఆరుగురం. ఎత్తు రాగానే మనుమడు ఫస్టు గేరుకు చెయ్యి చాచాడు. "వద్దు, సెకండులనే పోనియ్యి" అన్నాడు తాత. బండి దగ్గలేదు, ఆగలేదు.

పైకి చేరాక ముసలమ్మ ఒళ్ళోని బోనం కుండ జాగ్రత్తగా దించుకున్నది. "పోయినేడు సగం తొవ్వల దిగి నడిచిన కొడుకా! ఈయేడు కూసోని వచ్చిన" అని నాతో చెప్పింది.

మనుమడు అప్పటికే బానెట్ ఎత్తి లోపలికి చూస్తున్నాడు. తాత పక్కన నిలబడి, గాలి వచ్చే దారి ఏదో, పోయే దారి ఏదో వేలితో చూపిస్తున్నాడు.