పేరొక్కటే చాలదు

పుదుచ్చేరిలో మహాత్మాగాంధీ రోడ్డు ఉన్నది. ఆ పేరుగల వీధి మన దేశంలో మరెన్నో పట్టణాలలోనూ ఉన్నది. ఉత్తరంపై వీధి పేరు వ్రాసి ఊరి పేరు మరచిన, తపాలా బంట్రోతు దానిని తన ఊరి వీధిగానే భావిస్తాడు. అట్టి పొరపాటే ఒకమారు మేము కంప్యూటరుతో చేసి, ఒక నిర్దోషిని నొప్పించాము.

2009లో మేము పుదుచ్చేరి కార్యాలయంలో సామగ్రి లెక్కలు చూచేవారము. పుదుచ్చేరి, కారైకాల్, యానాం గిడ్డంగుల నుండి నెలనెలా మూడు ఎక్సెల్ వర్క్‌బుక్కులు వచ్చేవి. మూడింటిలోనూ మొత్తం నిల్వ ఉండే గడికి 'స్టాక్' అని పేరు పెట్టించాము. మాక్రోలో బి14 అని వ్రాసినచో, పైన ఒక వరుస చేర్చగానే అంకె బి15కు జరుగుతుంది. మాక్రో మాత్రం బి14నే చూస్తుంది. పేరు అట్లుకాదు, గడి వెంటనే నడుస్తుంది.

మా మాక్రో ఒక్కొక్క వర్క్‌బుక్కును తెరచి, రేంజ్ 'స్టాక్' అని మాత్రమే అడిగి, వచ్చిన అంకెను మా పట్టికలో వేసేది. ముందే తెరచియున్న వర్క్‌బుక్కును మరల తెరవవద్దని కూడా వ్రాశాము. కొన్ని నెలలు అంతా సవ్యంగా సాగినది. ఒకనాడు యానాం వర్క్‌బుక్కును పరిశీలిస్తూ, దానిని మూయకుండానే మాక్రోను నడిపాము. పట్టికలోని యానాం నిల్వకు, అక్కడి స్టోర్‌కీపరు పంపిన లేఖకు పొంతన కుదరలేదు. వెంటనే సంజాయిషీ కోరుతూ వ్రాశాము.

800 కిలోమీటర్లకు పైబడిన దూరంలో, గౌతమీ తీరాననున్న యానాం నుండి ఫోను వచ్చినది. "మూడుసార్లు లెక్కెట్టానండి. వచ్చే నెల రిటైరవుతున్నానండి. ఇన్నాళ్లకి ఈ మాట పడాల్సొచ్చిందండి" అన్నారాయన. గొంతు వణకినది.

ఆ సాయంత్రం మాక్రోను ఒక్కొక్క పంక్తిగా నడిపి చూచాము. యానాం వరుసలో ఉన్నది కారైకాల్ అంకె! యానాం వర్క్‌బుక్కు ముందే తెరచి ఉండుటచే మాక్రో దానిని ముందుకు తేలేదు. చివరగా తెరచిన కారైకాల్ వర్క్‌బుక్కే ఎదుట నిలిచినది. 'స్టాక్' అనగానే అదే బదులు పలికినది. యంత్రం అబద్ధమాడలేదు. ఏ ఊరి 'స్టాక్' అన్నది మేము చెప్పలేదు.

పిమ్మట మాక్రోను దిద్దాము. ముందు వర్క్‌బుక్స్ అని ఫైలు పేరు, చుక్క పెట్టి నేమ్స్ అని గడి పేరు, మరల చుక్క పెట్టి రెఫర్స్‌టురేంజ్. ఇట్లు వ్రాసిన, ఎదుట ఏ వర్క్‌బుక్కు ఉన్నను జవాబు మారదు. అయితే ఆ వర్క్‌బుక్కు తెరచి ఉండవలెను. యాక్టివ్‌వర్క్‌బుక్ అనగా అప్పటికి ఎదుట ఉన్నది. దిస్‌వర్క్‌బుక్ అనగా మాక్రో వ్రాసియున్నది. ఈ రెంటికీ గల భేదం మాక్రోలు వ్రాసే మా యువ సహోద్యోగులు మరువరాదు.

సంజాయిషీ లేఖను ఉపసంహరించి, తప్పు మాదేనని వ్రాతపూర్వకంగా తెలిపి, ప్రతిని ఫైలులో చేర్చాము. ఫోనులోనూ క్షమాపణ కోరాము. ఆయన ఒక్కటే అడిగారు: "లెక్క సరిపోయిందాండి?"

సరిపోయినది. కాని మనిషిని శంకించక మునుపు మన పనిని మనం ఒకమారు సరిచూచుకొనవలెనన్న పాఠం మాత్రం నేటికీ మా మనస్సులో నిలిచియున్నది.