ఆఖరి వరుస

కార్ఖానాలో మా ఆఫీసు రాజీవ్ రహదారికి ఒక సందు లోపల, మందుల షాపు మీద రెండో అంతస్తు. మొత్తం ఆరుగురం. కాలేజీల ఫీజుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ రాసి, నెలనెలా కొంత తీసుకుని దాన్ని నడుపుతాం. సర్వర్ వైపు పనంతా నాదే. 2023 నవంబరులో నేను చేసిన పొరపాటు వల్ల 317 మంది డిగ్రీ పిల్లల హాల్‌టికెట్లు రెండు రోజులు ఆగిపోయాయి. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం, తప్పు వాళ్లది కాదు.

పరీక్షల ముందు ఆ కాలేజీవాళ్లు ఫీజు కట్టినవాళ్ల జాబితా మా సైటు నుంచి దించుకుంటారు. పదకొండు వేల పైచిలుకు పేర్లు. మొదట్లో జాబితా అంతా మెమరీలో తయారయ్యాకే జవాబు బయల్దేరేది. అప్పటిదాకా తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది. అక్కడి గుమాస్తాలు ఓపిక పట్టలేక మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు. నొక్కినప్పుడల్లా సర్వర్ లెక్క మొదటికొచ్చేది.

మేం వాడేది జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్. అందులో స్ట్రీమింగ్ రెస్పాన్స్ 2013లో వచ్చిన 1.5 నుంచీ ఉంది. జాబితా పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, ఒక జనరేటర్ రాసి, తయారైన వరుసను తయారైనట్టే పంపేయొచ్చు. ఒక మధ్యాహ్నం కూర్చుని రాసేశాను. నా ల్యాప్‌టాప్‌లో నొక్కీ నొక్కగానే ఫైలు దిగడం మొదలైంది. సర్వర్ మీద పెడితే మాత్రం వరుసలు ఆగి ఆగి గుంపులుగా వచ్చాయి. జాంగో ముందు కూర్చున్న వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్ కొంత పోగేసుకుని గానీ పంపదు. బఫరింగ్ వద్దని ఒక హెడర్ చేర్చితే అదీ సర్దుకుంది. ఆ రోజు పెందలాడే ఇంటికెళ్లాను.

నవంబరు రెండో వారంలో కాలేజీ నుంచి ఫోన్. “సార్, లిస్టులో మూడొందల పైన పేర్లు లేవు” అంది పరీక్షల విభాగం మేడమ్. లాగ్ తెరిచి చూశాను. ఆ రోజు డౌన్‌లోడ్లన్నిటికీ ఎదురుగా 200 అనే ఉంది, అంటే జవాబు సవ్యంగా వెళ్లినట్టు. “మా వైపు అంతా బాగుంది మేడమ్. ఎక్సెల్లో ఫిల్టర్ ఏమైనా పెట్టారేమో చూడండి” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పదకొండు గంటలకు ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్లారగట్ల సిరిసిల్లలో బస్సెక్కి జేబీఎస్‌లో దిగి, అడుక్కుంటూ నడిచి వచ్చానన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన రశీదు.

“మా బిడ్డ పైసలు కట్టింది సార్. గిదిగో రశీదు. కాలేజీల అడిగితే లిస్టుల పేరు లేదన్నరు. లిస్టు మీ కాడినుంచి అచ్చిందంట.”

కూర్చోమని నీళ్లిచ్చి, ఆ రోల్ నంబరు కొట్టి చూశాను. డేటాబేస్‌లో ఉంది. ఫీజు కట్టిన తేదీ ఉంది, మొత్తం ఉంది. కాలేజీవాళ్లు పంపిన ఫైల్లో లేదు.

“ఎట్ల పోయింది మరి?”

“మధ్యలో ఎక్కడో తెగినట్టుందన్నా.”

ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మనిషి. కాసేపు నా తెర వంక చూశాడు. “పోగు తెగితే సాంచ ఆగుతది సార్. మీ దాంట్ల తెగినా నడుస్తదా?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఆఫీసులోనే ఉండిపోయాను. ముందు ఆ ఫైలు ఆఖరి వరుస చూశాను. రోల్ నంబరు, పేరు, తేదీ, మొత్తం, అన్నీ నిండుగా ఉన్నాయి. పేరు సగంలో విరిగి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది. నేను వరుసకు వరుస పంపుతున్నాను గనక తెగింది కూడా రెండు వరుసల మధ్యే. జాబితా రోల్ నంబర్ల క్రమంలో ఉంటుంది కాబట్టి పోయినవాళ్లంతా చిట్టచివరి గ్రూపు పిల్లలు. ఈ సంగతి ముందురోజు ఫోన్లోనే అడిగి తెలుసుకోవాల్సింది.

తెంపింది గూనికార్న్, ఎన్జిన్‌ఎక్స్ వెనక మా జాంగోను నడిపే ప్రోగ్రాం. అందులో మామూలు వర్కర్‌కు గడువు 30 సెకన్లు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే చచ్చిందనుకుని పైనున్న ప్రాసెస్ దాన్ని చంపి కొత్తదాన్ని పుట్టిస్తుంది. వరుసలు పంపుతూ ఉండటం దాని లెక్కలో పలకడం కాదు. ఒక జవాబు ముగిస్తే గానీ వర్కర్ తన ఉనికి చెప్పుకోదు. మామూలు రోజుల్లో మా జాబితా ఇరవై సెకన్లలో అయిపోయేది. ఆ రోజు పరీక్షల హడావుడి, డేటాబేస్ మీద బరువు, ముప్పై దాటింది.

మరి 200 సంగతి? హెచ్‌టీటీపీలో ఆ అంకె జవాబు మొదటి లైన్లోనే వెళ్లిపోతుంది. పెళ్లి కార్డులు పంచాక ముహూర్తం తప్పితే కార్డులో తేదీ మారుతుందా? ఇదీ అంతే. మొదటి వరుస పోయాక ఏం జరిగినా ఆ 200ను వెనక్కి తీసుకోలేం.

అయినా బ్రౌజరుకు తెలియాలి కదా అని చాలాసేపు కొట్టుకున్నాను. 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లో దీనికి ఏర్పాటుంది. పొడవెంతో ముందే తెలియని జవాబును ముక్కలుగా పంపుతారు, ప్రతి ముక్క ముందూ దాని కొలత ఉంటుంది, చివర్లో సున్నా కొలత ముక్క రావాలి. ఆ సున్నా రాకపోతే జవాబు అసంపూర్తి అని అవతలివాడికి తెలిసిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి అర్థమైంది: మా ఎన్జిన్‌ఎక్స్ వెనకున్న గూనికార్న్‌తో 1.0లో మాట్లాడుతోంది. అప్పటి వెర్షన్లలో మనం మార్చకపోతే అదే. 1.0లో కొలత చెప్పని జవాబుకు గుర్తు ఒక్కటే, కనెక్షన్ మూసేస్తే అయిపోయినట్టు. వర్కర్ చచ్చినా కనెక్షన్ మూసుకుంటుంది. దాంతో ఎన్జిన్‌ఎక్స్ అంతా వచ్చిందనుకుని, ఇవతల బ్రౌజరుకు తనే ఆ సున్నా ముక్క చేర్చి మర్యాదగా ముగించింది.

సెట్టింగుల్లో ఒక్క లైను మార్చి 1.1 చేశాను. డౌన్‌లోడ్ నడుస్తుండగా వర్కర్‌ను చేత్తో చంపాను. ఈసారి బ్రౌజరు ఫైలు దిగలేదని ఎర్రగా చూపించింది. బయట రోడ్డు మీద మిలిటరీ లారీలు వరసగా పోతున్నాయి. కిందికెళ్లి టీ తాగి, గడువు పెంచి, పూర్తి జాబితా మళ్లీ తీసి లెక్కపెట్టి కాలేజీకి పంపాను. సాయంత్రానికి హాల్‌టికెట్లు వచ్చాయి. ఆ అమ్మాయి మర్నాడు పరీక్ష రాసింది.

ఇంతటితో బుద్ధి వచ్చి ఊరుకోవాల్సింది. వర్కర్‌కు ఒక్క డౌన్‌లోడే కాబట్టి ఐదుగురు ఒకేసారి దించితే ఆరోవాడు లాగిన్ కూడా కాలేకపోతున్నాడు, మొత్తం అసింక్ చేసేద్దాం అనుకున్నాం. 2023 ఏప్రిల్‌లో వచ్చిన జాంగో 4.2 స్ట్రీమింగ్‌కు అసింక్ ఇటరేటర్లను ఒప్పుకుంటుంది. గూనికార్న్ బదులు అసింక్ సర్వర్ యూవీకార్న్ మీదికి మార్చాం. జనరేటర్ లోపల రశీదు సరిచూసే పాత కాల్ ఒకటి మామూలుదే ఉండిపోయింది, దాన్ని నేను గమనించలేదు. అది బయటి సర్వర్ జవాబు కోసం ఆగినప్పుడల్లా అన్ని పనుల్నీ వంతులవారీగా నడిపే ఈవెంట్ లూప్ ఆగేది, లూప్‌తో పాటు సైటంతా ఆగేది. ఇదివరకు ఐదుగురు కలిస్తే గానీ ఆగని సైటు, ఇప్పుడు ఒక్కరితోనే ఆగింది. రెండు వారాల పని ఒక్క పూటలో వెనక్కి తీశాం.

ఇప్పుడు జాబితా తెర వెనక తయారవుతుంది. వరుసలు లెక్కపెట్టి, డేటాబేస్ లెక్కతో సరిపోతేనే లింకు ఇస్తాం. స్ట్రీమింగ్‌లో వెళ్లేది ఎంత శాతం అయిందో చెప్పే అంకె ఒక్కటే. ప్రతి ఫైలు చివర మొత్తం ఎన్ని పేర్లో ఒక వరుస ఉంటుంది. మేడమ్ ఫైలు తెరవగానే ముందు అదే చూస్తుందట.

మీరూ ఇలాంటి డౌన్‌లోడ్ నడుపుతుంటే, ఈ రాత్రి ఒకసారి దాన్ని సగంలో చంపి, అవతల బ్రౌజరు ఏమంటుందో చూడండి.