సున్నా నిమిషానికి అందరూ లేస్తారు!

షేర్డ్ హోస్టింగ్ అంటే పెద్ద ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకోవడమే. నీళ్ల ట్యాంకు ఒకటే, మోటారు ఒకటే. ఒక్క సర్వర్ మీద బోలెడు వెబ్‌సైట్లు కాపురం ఉంటాయి. ఒకరు కుళాయి తిప్పి వదిలేస్తే మిగతావాళ్ల బకెట్లు నిండవు. ఆఫీసులో ఎంత కావాలంటే అంత క్లౌడ్ వాడే నాకు ఈ పొదుపు నేర్పింది మా ఊరి రక్తదాతల గ్రూపు.

వాళ్లు ఎక్కువగా తలసేమియా పిల్లల కోసం రక్తం ఇస్తుంటారు. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మన నిబంధనల ప్రకారం ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఆ గడువు ఎవరికి పూర్తయిందో చూసి, రోజూ ఉదయం ఏడింటికి మెసేజ్ పంపే చిన్న ప్రోగ్రామ్ కావాలన్నారు. గ్రూపు దగ్గర డబ్బులు అంతంతమాత్రమే. అందుకే షేర్డ్ హోస్టింగ్.

రోజూ ఠంచనుగా లేపే పని క్రాన్‌ది. యునిక్స్‌లో 1970ల నుంచీ ఉన్న అలారం ఇది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం... ఐదు గడులు నింపితే చాలు. కాకపోతే మా సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తుంది. మన టైమ్ దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. మన ఉదయం 7 అంటే దానికి 1:30. ఇంకో చిక్కుంది. మనకు అర్ధరాత్రి దాటినా, తెల్లవారుజామున ఐదున్నర దాకా దానికి నిన్నటి తేదీయే! ఆ సమయంలో ఎవరైనా 'ఇవాళ రక్తం ఇచ్చాను' అని నమోదు చేస్తే ఒక రోజు ముందు తేదీ పడుతుంది. 90 రోజుల లెక్క 89 అవుతుంది. అందుకే ప్రోగ్రామ్‌లో తేదీలన్నీ భారత కాలమానంలోనే లెక్క కట్టాను.

ఇక కంపైల్ చేయడం. మెమరీ, సీపీయూ మీద హోస్ట్ పెట్టిన హద్దు దాటితే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. తెర మీద 'కిల్డ్' అని ఒక్క మాట కనిపిస్తుంది, అంతే. కొన్నిచోట్ల అసలు కంపైలరే వాడనివ్వరు. కోపం వస్తుంది కానీ, ఆలోచిస్తే న్యాయమే. ఉమ్మడి వరండాలో గాడిపొయ్యి పెడితే ఎవరు ఊరుకుంటారు? ఇంట్లో వండుకుని క్యారేజీ తెచ్చుకోవాలి. నేను గో భాషలో రాశాను. టార్గెట్ లినక్స్ అని చెబితే విండోస్ ల్యాప్‌టాప్‌లోనే సర్వర్‌కు సరిపడే ఫైలు తయారవుతుంది. సీ లైబ్రరీలతో ముడి లేకుండా చేస్తే, సర్వర్‌లో పాత లైబ్రరీ ఉన్నా పేచీ రాదు. ఒక్క ఫైలు అప్‌లోడ్ చేయడమే.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది క్రాన్ మౌనం. మన టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో నడవకపోవచ్చు. దానికి తెలిసిన దారులు తక్కువ. ఫైలు పూర్తి పాత్ ఇవ్వాలి. ఇవ్వకపోతే చాలాసార్లు పని జరగదు, జరగలేదన్న సంగతీ ఎవరూ చూడరు. వెబ్‌సైట్ పేజీ తెరుచుకోకపోతే పది మంది ఫోన్ చేస్తారు. రాని మెసేజ్ గురించి ఎవరు అడుగుతారు? దాతకు తన గడువు పూర్తయిందని గుర్తుండదు. అవతల ఒక తల్లి మాత్రం రక్తం కోసం తిరుగుతూ ఉంటుంది.

అందుకే ఒక ఏర్పాటు చేశాను. గడువు పూర్తయినవాళ్లు ఎవరూ లేని రోజు కూడా 'ఇవాళ ఎవరూ లేరు' అని గ్రూపు చూసుకునే అన్నకు మెసేజ్ వెళ్తుంది. అది కూడా రాలేదంటే, ప్రోగ్రామ్ ఆగిపోయిందని అర్థం. ఏడున్నరకల్లా అన్న నాకు ఫోన్ చేసేస్తాడు.

చివరిగా ఒక చిన్న మార్పు. చాలామంది క్రాన్‌లో నిమిషం గడిలో 0 గానీ 30 గానీ పెడతారు. ఆ నిమిషానికి అందరి స్క్రిప్టులూ ఒక్కసారే లేచి సర్వర్ మీద పడతాయి. నేను 30 తీసేసి 37 పెట్టాను. మా మెసేజ్‌లు 7:07కి వెళ్తాయి. ఏడు నిమిషాలు ఆలస్యమైతే దాతకు వచ్చే నష్టమేం లేదు. మీ క్రాన్‌లో సున్నా ఉంటే మీరూ మార్చి చూడండి. పక్క వాటాలో ఎవరున్నారో మనకు తెలీదు. అది ఇంకో ఊరి రక్తదాతల గ్రూపే కావచ్చు.